నెట్ తెచ్చే డాంగిల్‌కే ముందు నెట్ కావాలంటే ఎలా?

యూఎస్‌బీ నెట్ డాంగిళ్ళు తయారుచేసే కంపెనీల వారికి, వాటి మీద తమ పేరు వేసి అమ్ముతున్న టెలికాం కంపెనీల వారికి బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నర్సీపట్నంలో నాది కంప్యూటర్ల రిపేరు షాపు. పదిహేనేళ్ళుగా ఇదే పని. మీరు అమ్మిన డాంగిల్, అంటే సిమ్ వేసి కంప్యూటర్‌కి గుచ్చితే నెట్ ఇచ్చే చిన్న పరికరం, పనిచేయకపోతే జనం మీ ఆఫీసుకి రారు, అది ఎక్కడుందో కూడా వాళ్ళకి తెలియదు. సంచిలో లాప్‌టాప్, ఛార్జర్, డాంగిల్ వేసుకుని నాలాంటి వాడి దగ్గరికి వస్తారు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఎలాగూ వస్తారు, ఘాట్ పైన లంబసింగి, చింతపల్లి వైపు నుంచి కూడా దిగి వస్తారు. అక్కడ ఇంటికి కేబుల్ నెట్ అందని ఊళ్ళు ఇంకా ఉన్నాయి. ఉన్న ఒక్క టవరు సిగ్నల్ కూడా ఇంట్లో అన్నిచోట్లా దొరకదు, చూరు దగ్గర ఏదో ఒక మూల దొరుకుతుంది.

ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకోవచ్చు కదా అని మీలో ఒక కంపెనీ కాల్ సెంటర్ వాళ్ళు నన్నడిగారు. ఇంట్లో ఉన్న ఒక్క స్మార్ట్‌ఫోన్ పొద్దున్నే తండ్రి జేబులో పనికి వెళ్ళిపోతుందండీ. డాంగిల్ అయితే ఇంట్లోనే ఉంటుంది. ఐదు మీటర్ల యూఎస్‌బీ వైరుతో కిటికీ బయటికి లాగి, వెదురు కర్రకి కట్టి, తడవకుండా పాలిథిన్ కవరు తొడిగి, సిగ్నల్ దొరికే ఎత్తులో నిలబెడతారు. అలాంటి కర్రలు నేను నా కళ్ళతో చూశాను. మీకు అమ్మకాల లెక్కలో అది చిన్న వస్తువే కావచ్చు, ఆ ఇంట్లో పిల్లల చదువు దాని మీదే నడుస్తోంది.

ఈ ఉత్తరం రాయడానికి కారణం ఒక తండ్రీ కూతురూ. అమ్మాయి డిగ్రీ మొదటి సంవత్సరం. కొత్త లాప్‌టాప్ కొన్నారు, అందులో విండోస్ 11. ఆన్ చేస్తే దేశం అడిగింది, కీబోర్డు అడిగింది, ఆ తర్వాత నెట్‌కి కనెక్ట్ అవ్వమని ఆగిపోయింది. విండోస్ 11 హోమ్ మొదటి నుంచీ అంతే, నెట్ ఉండి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే తప్ప మామూలు దారిలో డెస్క్‌టాప్ దాకా వెళ్ళనివ్వదు. వాళ్ళింట్లో నెట్ అంటే మీ డాంగిల్ ఒక్కటే. ఇంట్లో పాత డెస్క్‌టాప్ కంప్యూటర్‌లో రెండేళ్ళుగా బాగా పనిచేస్తున్నదే. గుచ్చారు, లైటు వెలిగింది, తెర మీద మాత్రం ఏమీ కదల్లేదు. పొద్దుట బస్సెక్కి ఘాట్ దిగి మా షాపుకి వచ్చేసరికి పదకొండయింది. "ఇదేటి బాబూ, డబ్బులెట్టి కొన్నాక కూడా తెరుసుకోనంటాది?" అని అడిగాడాయన. ఆ రోజు కూలి పోగొట్టుకుని వచ్చాడు.

ఏం జరిగిందో నాకు తెలుసు కానీ ఆయనకి చెప్పడం కష్టమైంది. డాంగిల్ పనిచేయాలంటే డ్రైవర్, అంటే ఆ పరికరంతో విండోస్‌ని మాట్లాడించే చిన్న ప్రోగ్రాము, ఎక్కాలి, డ్రైవర్ ఎక్కాలంటే విండోస్ డెస్క్‌టాప్ రావాలి, డెస్క్‌టాప్ రావాలంటే నెట్ ఉండాలి, నెట్ ఉండాలంటే డాంగిల్ పనిచేయాలి. పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు అంటారే, సరిగ్గా అదే. ఈ ముడి విప్పడం మీ చేతిలో పనే. విప్పమని అడగడానికే ఈ ఉత్తరం.

మా షాపు వైఫైతో ఆ మెట్టు దాటించాను. డెస్క్‌టాప్ వచ్చాక డాంగిల్ గుచ్చితే సీడీ డ్రైవ్ లాగా కనపడింది, అందులో మీ సెటప్ ఉంది, నడిపించాను. చివరిదాకా వెళ్ళి, ఈ పరికరానికి డ్రైవర్ లోడ్ చేయలేమని విండోస్ ఒక హెచ్చరిక ఇచ్చింది. విండోస్‌లో పరికరాల జాబితా చూపించే డివైస్ మేనేజర్లో పసుపు త్రికోణం. కొత్త విండోస్ 11 లాప్‌టాపుల్లో మెమరీ ఇంటెగ్రిటీ అనే రక్షణ మొదటి నుంచే ఆన్‌లో ఉంటుంది, పాత పద్ధతిలో రాసిన డ్రైవర్లను అది లోపలికి రానివ్వదు. దాన్ని ఆఫ్ చేసి, రీస్టార్ట్ చేస్తే మీ డాంగిల్ లేచింది. తండ్రీ కూతురూ సంతోషంగా వెళ్ళారు.

ఆ రాత్రి నాకు మనసు ఒప్పలేదు. ఆ అమ్మాయి స్కాలర్‌షిప్ అప్లికేషన్, ఆధార్, బ్యాంకు ఖాతా అన్నీ ఆ లాప్‌టాప్‌లోనే నింపుతుంది. కంప్యూటర్ గురించి ఇంకా ఏమీ తెలియని పిల్ల మెషీన్‌లో, మీ పాత డ్రైవర్ కోసం నేను ఒక రక్షణ తీసేసి పంపాను. మర్నాడు నుంచి వారం రోజులు ఖాళీ దొరికినప్పుడల్లా వెతికాను. మీ సైట్లో ఆ మోడల్ పేజీయే లేదు. డబ్బా మీద అచ్చువేసిన లింకు తెరవట్లేదు. చివరికి అదే డాంగిల్, అదే మోడల్ నంబరు, వేరే దేశం టెలికాం కంపెనీ సైట్లో కనపడింది. కింద కొత్త డ్రైవర్ కూడా ఉంది. షాపులో అలాంటిదే ఇంకో డాంగిల్ పెట్టి, మెమరీ ఇంటెగ్రిటీ ఆన్‌లో ఉంచి చూశాను, ఒక్క హెచ్చరిక లేకుండా ఎక్కింది. దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసి చింతపల్లి వెళ్తున్న తెలిసినవాళ్ళ చేత పంపించి, ఏం నొక్కాలో ఆ అమ్మాయికి ఫోన్లో చెప్పి, రక్షణ మళ్ళీ ఆన్ చేయించాను. అంటే డ్రైవర్ లేకపోవడం కాదు, ఉంది. మనవాళ్ళకి అందేచోట పెట్టలేదు. నాకు బాధ అక్కడే.

కంప్యూటర్ వాళ్ళు తరచూ మార్చేస్తుంటే మేమేం చేస్తాం అని మీరనొచ్చు. ఒక్కసారిగా ఏదీ మారలేదు. 2009, 2010 ప్రాంతంలో 3జీ డాంగిళ్ళు వచ్చినప్పుడు సాఫ్ట్‌వేర్ డాంగిల్ లోపలే పెట్టి ఇవ్వడం నిజంగా మంచి పని. గుచ్చగానే ముందు సీడీలాగా కనపడుతుంది, అందులోంచి సాఫ్ట్‌వేర్ ఎక్కుతుంది, ఆ సాఫ్ట్‌వేర్ ఒక ఆదేశం పంపితే డాంగిల్ సీడీ వేషం తీసేసి మోడెమ్, అంటే నెట్ తెచ్చే పరికరం, అవుతుంది. విడిగా సీడీ ఇవ్వక్కర్లేదు, పోతుందన్న భయం లేదు. అప్పట్లో విండోస్ ఎక్స్‌పీ మీద, తర్వాత విండోస్ 7 మీద నేనే కొన్ని వందల డాంగిళ్ళు అలా ఎక్కించాను, ఐదు నిమిషాల పని. అయితే ఆ సాఫ్ట్‌వేర్ డాంగిల్ ఫ్యాక్టరీలో తయారైన రోజు దగ్గరే ఆగిపోయింది. బయట విండోస్ 8 వచ్చింది, 10 వచ్చింది, 2016లో వచ్చిన 1607 వెర్షన్ నుంచి కొత్త డ్రైవర్లకి మైక్రోసాఫ్ట్ డిజిటల్ సంతకం ఉండాలన్న నియమం వచ్చింది, 2021లో విండోస్ 11 వచ్చింది. ఆపిల్ వాళ్ళు 2019లో క్యాటలీనా అనే మ్యాక్ వెర్షన్‌తో 32 బిట్ ప్రోగ్రాములన్నీ ఆపేశారు. 2024 నుంచి స్నాప్‌డ్రాగన్ చిప్‌తో విండోస్ లాప్‌టాపులు బాగా వస్తున్నాయి, వాటికి ఇంటెల్ కోసం రాసిన డ్రైవర్ అసలు పనికిరాదు, వేరేది రాయాలి. ఇవన్నీ ముందుగా చెప్పి, టైమిచ్చి చేసిన మార్పులు.

దీనికి మందు కూడా ఎప్పుడో వచ్చింది. యూఎస్‌బీ ప్రమాణాలు చూసే సంస్థ 2011లోనే ఎంబీఐఎం అనే పద్ధతి తెచ్చింది. డాంగిల్ ఆ పద్ధతిలో మాట్లాడితే కంపెనీ డ్రైవర్ అక్కర్లేదు, 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి ఆ డ్రైవర్ విండోస్‌లోనే ఉంది. గుచ్చితే సెట్టింగ్స్‌లో సెల్యులార్ అని వస్తుంది, అంతే. ఇంకో దారి, డాంగిల్ తనని తాను నెట్‌వర్క్ కార్డులాగా చూపించుకోవడం. అప్పుడు కంప్యూటర్‌కి అది ల్యాన్ వైరు పెట్టినట్టే, సెట్టింగులన్నీ బ్రౌజర్లో 192.168.8.1 లాంటి అడ్రసు కొడితే వస్తాయి. మీలో కొందరు ఈ రెండూ చేస్తున్నారు, వాళ్ళకి నా నమస్కారం. కానీ అలాంటి డాంగిల్ కూడా మొదట సీడీ వేషంలోనే లేస్తే ఏం లాభం? వేషం మార్చే ఆదేశం పంపడానికి మళ్ళీ మీ సాఫ్ట్‌వేరే కావాలి.

విండోస్‌కి బదులు ఉచితంగా వేసుకోగల లైనక్స్ సంగతి కూడా చెప్పాలి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు ఆగిపోయింది. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు లేదనో ప్రాసెసర్ పాతదనో విండోస్ 11 ఎక్కని లాప్‌టాపులు మా షాపుకి చాలా వచ్చాయి, అంతా శుభ్రంగా పనిచేస్తున్నవే. పారేయడం ఎందుకని వాటిలో లైనక్స్ మింట్ వేసి ఇస్తున్నాను. మొదటిసారి ఒక టీచర్ గారి లాప్‌టాప్‌లో అలా వేసి, ఆయన పాత డాంగిల్ గుచ్చి, ఇది లేవదేమో, గంట పడుతుందేమో అని టెన్షన్ పడుతూ కూర్చున్నాను. ఆదేశాలు టైపు చేసే టెర్మినల్ తెరిచి యూఎస్‌బీ పరికరాల జాబితా చూస్తే మొదట 12డీ1:1446 అని ఉంది. 12డీ1 అంటే హువావే నంబరు, 1446 అంటే ఇంకా సీడీ వేషంలో ఉందని. కొన్ని సెకన్లాగి మళ్ళీ చూస్తే అదే 12డీ1:1001 అయిపోయింది. మోడెమ్‌గా మారిపోయింది! పైన నెట్‌వర్క్ బొమ్మ దగ్గర మొబైల్ బ్రాడ్‌బ్యాండ్ అని వచ్చింది, దేశం ఇండియా, కంపెనీ పేరు ఎంచుకుంటే ఏపీఎన్, అంటే ఆ కంపెనీ నెట్‌కి కలిపే పేరు, తనంతట తానే పడింది, నెట్ వచ్చేసింది. టీచర్ గారు "ఏం చేశావయ్యా?" అన్నారు. నేనేమీ చేయలేదు.

చేసింది యూఎస్‌బీ మోడ్‌స్విచ్ అనే చిన్న ప్రోగ్రాము. జోసువా డీట్జె అనే ఆయన మొదలుపెట్టాడు, ప్రపంచం నలుమూలల నుంచి జనం తమ డాంగిల్ నంబర్లు, వేషం మార్చే ఆదేశాలు పంపుతూ వచ్చారు. మీ డాంగిల్ ఏ ఆదేశానికి మేల్కొంటుందో ఒక్కొక్కటీ కనిపెట్టి రాసిపెట్టారు. మీ కాగితాల్లో ఉండే సమాచారమే అది, బయటపెడితే ఎవరూ అంత శ్రమ పడక్కర్లేకపోయేది. ఆ జాబితాలో లేని మోడల్ దొరికితే మాత్రం మేం ఇంకా అవస్థ పడుతున్నాం. కొన్నింటికి సీడీ బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి ఎజెక్ట్ అంటే మోడెమ్‌గా మారుతుంది, కొన్నింటికి అదీ లేదు.

ఇది చదివే మామూలు జనం కోసం నాలుగు మాటలు రాస్తాను, ఎందుకంటే డాంగిల్ లేవకపోతే తప్పంతా విండోస్ మీదో, మా మీదో, ఎక్కువసార్లు తమ మీదో వేసుకుంటారు. ముందు డాంగిల్‌ని హబ్బు లేకుండా నేరుగా లాప్‌టాప్‌కే పెట్టి చూడండి. మామూలు యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీ యాంప్సే, హబ్బులో మౌసు, పెన్‌డ్రైవ్ కూడా ఉంటే డాంగిల్‌కి కరెంటు చాలక మధ్యలో పడిపోతుంది. సిమ్ తీసి ఫోన్లో వేసి చూడండి, డేటా ఉందా, పిన్ అడుగుతోందా తెలుస్తుంది. మీది 3జీ డాంగిలేమో చూసుకోండి. ఇది చాలామందికి తట్టదు. ఎయిర్‌టెల్ 2019లో మొదలుపెట్టి 3జీ ఆపేసింది, జియోకి మొదటి నుంచీ 3జీ లేదు. డ్రైవర్ చక్కగా ఎక్కినా పాత 3జీ డాంగిల్ ఆ సిమ్‌లతో 2జీకి పడిపోవడమో, అసలు సిగ్నలే పట్టకపోవడమో జరుగుతుంది. అప్పుడు విండోస్ ఎన్నిసార్లు ఫార్మాట్ చేసినా లాభం లేదు.

విండోస్ 10 నుంచి 11కి అప్‌గ్రేడ్ చేశాక ఆగిపోయిందా, పాత డాంగిల్ సాఫ్ట్‌వేర్ పూర్తిగా తీసేసి, రీస్టార్ట్ చేసి, మళ్ళీ కొత్తగా ఎక్కించండి. పాత పోర్టు నంబర్లు మిగిలిపోయి 633 ఎర్రర్ వచ్చిన కేసులు నాకు చాలా తగిలాయి. డివైస్ మేనేజర్లో పసుపు గుర్తు మీద డబుల్ క్లిక్ చేస్తే ఒక కోడ్ ఉంటుంది, దాన్ని రాసుకోండి. 28 అంటే డ్రైవర్ లేదు, 52 అంటే సంతకం సరిపోలేదు. ఆ నంబరు చెబితే మెకానిక్‌కి సగం పని అయిపోతుంది. డ్రైవర్ ఎక్కీ నెట్ రాకపోతే ఏపీఎన్ చూడండి, బీఎస్ఎన్ఎల్‌కి బీఎస్ఎన్ఎల్‌నెట్, జియోకి జియోనెట్. డయల్ చేసే రకమైతే నంబరు *99#. విండోస్ 11 మొదటి సెటప్‌లో ఇరుక్కుంటే ఎవరిదైనా ఆండ్రాయిడ్ ఫోన్ వైరుతో పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి, దానికి కావలసిన డ్రైవర్ విండోస్‌లోనే ఉంటుంది కాబట్టి ఎక్కువసార్లు దాటిపోతుంది. కొత్తగా కొనేవాళ్ళకైతే నేను వైఫై ఇచ్చే డాంగిలే కొనమంటున్నాను, దానికి కరెంటు ఇస్తే చాలు, ఛార్జర్‌కి పెట్టినా పనిచేస్తుంది, డ్రైవర్ గొడవే లేదు.

మళ్ళీ మీ దగ్గరికే వస్తాను. పాత డాంగిళ్ళన్నీ తీసుకుని కొత్తవి ఇమ్మని నేను అడగడం లేదు. ఇకమీద తయారుచేసేవి గుచ్చగానే మోడెమ్‌గానో నెట్‌వర్క్ కార్డుగానో లేవాలి, సీడీ వేషం వద్దు. ఇప్పటికే అమ్మినవాటికి డ్రైవర్ ఒక్కటీ విడిగా, మీ రంగుల సాఫ్ట్‌వేర్ లేకుండా, మామూలు ఫోల్డర్‌గా ఇవ్వండి. సెటప్ ప్రోగ్రాముగా మాత్రమే ఇస్తే ఎందుకు చాలదంటే, కొత్త విండోస్ 11 సెటప్‌లో నెట్ అడిగే చోటే డ్రైవర్ ఎక్కించుకునే బటన్ ఇచ్చారు, అది ఐఎన్ఎఫ్ అనే డ్రైవర్ వివరాల ఫైలు ఉన్న ఫోల్డర్‌నే అడుగుతుంది. ఆ ఫోల్డర్ మీరిచ్చి ఉంటే, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, ఆ తండ్రీ కూతురూ ఇంట్లోనే పని చేసుకునేవాళ్ళు, ఘాట్ దిగాల్సిన అవసరమే ఉండేది కాదు.

ఆ డ్రైవర్ పేజీకి లాగిన్ పెట్టకండి, మొబైల్ నంబరు అడగకండి, మోడల్ అమ్మకం ఆపేసినా పేజీ తీసేయకండి. డబ్బా మీద విండోస్ అని ఒక్క మాట రాస్తే సరిపోదు, ఏ విండోస్ దాకా చూశారో, స్నాప్‌డ్రాగన్ లాప్‌టాప్‌లో పనిచేస్తుందో లేదో, 4జీనో 3జీనో తెలుగులో పెద్ద అక్షరాలతో రాయండి. కాల్ సెంటర్లో కూర్చున్న పిల్లలని నేను తప్పుపట్టను, వాళ్ళ ముందున్న కాగితంలో ఏముందో అదే చెబుతారు. "అది మీ విండోస్ సమస్య సార్" అని నాకు మూడుసార్లు చెప్పారు. ఆ కాగితం మార్చండి. డివైస్ మేనేజర్ తెరిచి కోడ్ ఎంతో అడగమని అందులో ఒక్క లైను రాస్తే, రోజూ ఎంతమందికి దారి దొరుకుతుందో.

ఇంకో విషయం. రక్షణ ఆఫ్ చేయండి, కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు కాపలా కాసే సెక్యూర్ బూట్ ఆఫ్ చేయండి అని మీ హెల్ప్ పేజీల్లో రాయడం దయచేసి ఆపండి. నేను చేసిన తప్పే అది, ఒక్క లాప్‌టాప్‌కి చేసి వారం నిద్ర పట్టలేదు. మీరు రాస్తే వేల మంది చేస్తారు, మళ్ళీ ఆన్ చేయమని వాళ్ళకి ఎవరూ ఫోన్ చేసి చెప్పరు.

మా షాపు డ్రాయర్లో ఒక 32 జీబీ పెన్‌డ్రైవ్ ఉంది. ఇన్నేళ్ళలో దొరికిన డాంగిల్ డ్రైవర్లన్నీ మోడల్ నంబరు పేరుతో ఫోల్డర్లు చేసి అందులో పెట్టాను, అడిగినవాళ్ళకి డబ్బు తీసుకోకుండా కాపీ చేసి ఇస్తాను. అందులో మూడు ఫోల్డర్లు ఇంకా ఖాళీగా ఉన్నాయి. ఆ మూడు మోడళ్ళ నంబర్లు మీ కస్టమర్ కేర్‌కి రాసి పంపాను, ఫిర్యాదు నంబరు కూడా వచ్చింది. ఆ మూడింటి డ్రైవర్లు మీ సైట్లో పెట్టి నాకు లింకు పంపండి. ఆ మోడల్ డాంగిళ్ళతో వచ్చినవాళ్ళ ఫోన్ నంబర్లు ఒక పుస్తకంలో రాసి ఉంచాను, లింకు వచ్చిన రోజే ఫోన్లు చేస్తాను.

ఇట్లు,
నర్సీపట్నం నుంచి ఒక కంప్యూటర్ మెకానిక్